బొంగరం తల తిప్పే లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయస్కాంతంతో త్వరణాన్ని కొలవడం గురించి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని రాసింది ఒక్కటే చాలా చోటు తీసుకుంది. ఆ అమ్మాయికి ప్రాజెక్టు గడువు దగ్గర పడుతోందని జవాబు ముందే పోస్టులో పంపేశాను. తను చేసి చూసి మళ్ళీ రాసింది. ఆ రెండో ఉత్తరం చివర్లో ఉంది. మధ్యలో ఉన్న మూడూ ఇదే విషయం చుట్టూ తిరిగేవి.

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. మైక్రోవేవ్ పరికరాల్లో అయస్కాంత పదార్థాలు వాడి త్వరణాన్ని కొలవడం అనే టాపిక్ మా గైడ్ సార్ ఇచ్చారు. రెండు వారాలుగా చదువుతున్నాను. త్వరణం తెలుసు, మైక్రోవేవ్ తెలుసు, అయస్కాంతం తెలుసు. ఈ మూడూ ఒకచోట ఎందుకు కలుస్తాయో మాత్రం తలకెక్కడం లేదు. సూత్రాలు తర్వాత చూసుకుంటాను, ముందు సంగతేమిటో చెప్పండి. ఇంకోటి, ఫోన్లోనే త్వరణం కొలిచే చిప్పు ఉంది కదా, మరి ఇదంతా ఎందుకు?

జవాబు: అమ్మా, సూత్రం కంటే ముందు సంగతి అడిగావు, సంతోషం. నేను ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను, ఈ వరసలో అడిగేవాళ్ళు తక్కువ.

త్వరణాన్ని నేరుగా చూడలేం. ఒక బరువును దేనికైనా వేలాడదీసి, అది ఎంత జరిగిందో చూస్తాం, అంతే. అనంతపురంలో కర్నూలు బస్సెక్కి డ్రైవరు ముందర వేలాడే నిమ్మకాయలు మిరపకాయల దండను చూడు. బస్సు కదిలితే వెనక్కి వాలుతుంది, బ్రేకు పడితే ముందుకొస్తుంది, గుత్తి దాటాక హైవే మీద ఒకే వేగంతో తిన్నగా పోతున్నంతసేపూ ఏమీ జరగనట్టు నిటారుగా ఉంటుంది. నిలబడ్డ బస్సు పది సెకన్లలో గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకుందనుకో, అప్పుడు త్వరణం సెకనుకు సెకనుకు ఒక మీటరు, ఆ దండ దాదాపు ఆరు డిగ్రీలు వాలుతుంది. త్వరణం కొలిచే పరికరాలు దాదాపు అన్నీ ఈ నిమ్మకాయల దండకు చుట్టాలే. తేడా ఎక్కడంటే, బరువు జరిగిన ఆ కాస్త దూరాన్ని ఎవరు ఎలా పట్టుకుంటారన్న దగ్గర. ఫోన్లోని చిప్పులో సిలికాన్‌తో చెక్కిన దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి, వాటి మధ్య ఎడం మారితే కెపాసిటెన్స్, అంటే విద్యుత్తును పట్టి ఉంచుకునే శక్తి, మారుతుంది, దాన్ని కొలుస్తారు. నీ ప్రాజెక్టులో ఆ పని అయస్కాంతానికి అప్పజెబుతున్నాం.

ఇప్పుడు బొంగరం దగ్గరికి వద్దాం. జోరు తగ్గిన బొంగరం ఒరిగి, తను తిరుగుతూనే తలను కూడా నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతుంది, చిన్నప్పుడు చూసే ఉంటావు. అక్కడ దాన్ని లాగేది భూమి. ఫెర్రైట్‌లాంటి అయస్కాంత పదార్థంలో ఎలక్ట్రాన్లు కూడా చిన్న చిన్న బొంగరాల్లా ప్రవర్తిస్తాయి, వాటిని లాగేది బయట నుంచి మనం పెట్టే అయస్కాంత క్షేత్రం. క్షేత్రం ఎంత గట్టిదైతే తల అంత వేగంగా తిప్పుతాయి. లెక్క కూడా తేలికే, క్షేత్రం బలాన్ని గాస్‌లలో కొలుస్తారు: ఒక గాస్‌కు సెకనుకు 28 లక్షల సార్లు, అంటే 2.8 మెగాహెర్ట్జ్. 2000 గాస్ పెడితే 5.6 గిగాహెర్ట్జ్. చూశావా, మామూలు అయస్కాంతాలు ఇచ్చే క్షేత్రాలకే ఈ బొంగరాలు మైక్రోవేవ్ వేగంతో తల తిప్పుతాయి. నువ్వు అడిగిన మూడూ కలిసే చోటు ఇదే, ఎవరో పట్టుబట్టి కలిపింది కాదు.

సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీ ఉన్న మైక్రోవేవ్ వాటి మీద పడితే, ఉయ్యాలను లయ తప్పకుండా తోసినట్టు, బొంగరాలు ఆ శక్తిని తీసేసుకుంటాయి. కొంచెం అటూ ఇటూ అయితే పట్టించుకోవు. దీన్ని ఫెర్రో అయస్కాంత అనునాదం అంటారు. 1946లో ఆక్స్‌ఫర్డ్‌లో గ్రిఫిత్స్ అనే శాస్త్రవేత్త ప్రయోగంలో చూశాడు, ఆ తర్వాత కిట్టెల్ అనే ఇంకో శాస్త్రవేత్త దానికి సరైన లెక్క కట్టాడు. నీ పుస్తకంలో కిట్టెల్ సమీకరణం అని ఉండేది ఆ లెక్కే.

ఇంక మిగిలింది కలపడమే. ఒక పల్చని లోహపు పట్టీ కొసకు అయస్కాంతం అతికించు, దాని ఎదురుగా ఫెర్రైట్ పెట్టు. కుదుపు వస్తే అయస్కాంతం కాస్త జరుగుతుంది, ఫెర్రైట్ దగ్గర క్షేత్రం మారుతుంది, బొంగరాలు తల తిప్పే వేగం మారుతుంది, అనునాద ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. జరిగిన ఫ్రీక్వెన్సీ నుంచి వెనక్కి లెక్క కడితే త్వరణం.

ఇంత చుట్టు తిరగడం ఎందుకంటే, మనం కొలిచే వాటన్నిటిలో ఫ్రీక్వెన్సీ అంత నికరంగా కొలవగలిగింది ఇంకోటి లేదు. వోల్టేజీ కొలిస్తే వైరు పొడవు, జాయింటు, మీటరు వేడి, అన్నీ అందులో చెయ్యి పెడతాయి. ఫ్రీక్వెన్సీ కొలవడమంటే లెక్కపెట్టడం, శెనక్కాయల బస్తాలు లెక్కపెట్టినట్టు ఒకటి, రెండు, మూడు. మామూలు క్వార్ట్జ్ గడియారం ఉన్న కౌంటరు కూడా పది లక్షల్లో ఒక వంతు తేడాను సునాయాసంగా చెబుతుంది. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. కుదుపును జరిగిన దూరంగా, ఆ దూరాన్ని క్షేత్రంగా, క్షేత్రాన్ని లెక్కపెట్టగల సంఖ్యగా మార్చడం.

అంకెలు వేసి చూద్దాం, అంకెలు లేకపోతే నాకు తృప్తి ఉండదు. పట్టీ, దాని కొసన బరువు కలిపి సెకనుకు 100 సార్లు ఊగే రకం అనుకుందాం. ఒక జి త్వరణానికి, అంటే భూమి లాగుడు ఇచ్చే సెకనుకు సెకనుకు 9.8 మీటర్లకు, అది సుమారు 25 మైక్రాన్లు జరుగుతుంది, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుకలో సగం మందం కూడా ఉండదు. అయస్కాంతం ఎదుట క్షేత్రం మిల్లీమీటరుకు 100 గాస్ చొప్పున మారుతోందనుకో, ఆ 25 మైక్రాన్లకు రెండున్నర గాస్. రెండున్నరను 2.8తో గుణిస్తే 7 మెగాహెర్ట్జ్. అంటే ఒక జికి 70 లక్షల హెర్ట్జ్ తేడా! కంటికి కనపడని కదలిక అంత పెద్ద సంఖ్యగా బయటికొస్తోంది.

పదార్థం సంగతి. ఇనుమే అయస్కాంత పదార్థం కదా, ఇనప ముక్క పెడితే సరిపోదా అంటే సరిపోదు. ఇనుము లోహం, మైక్రోవేవ్ దాని చర్మం దాటి లోపలికి పోలేదు. కుండలా కాల్చి చేసిన, కరెంటు ప్రవహించని అయస్కాంత పదార్థం కావాలి, అదే ఫెర్రైట్. అందులో ప్రధానంగా ఉండేది ఐరన్ ఆక్సైడే. ఓబుళాపురం వైపు పోతే చేతికి అంటుకునే ఎర్రటి దుమ్ము ఉంది చూడు, దాని రసాయనం అదే, కాకపోతే మనకు బాగా శుద్ధి చేసింది కావాలి. ఈ జాతిలో రాజు ఇట్రియం ఐరన్ గార్నెట్, అందరూ యిగ్ అంటారు. 1956లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెర్టో, ఫోర్రా అనే శాస్త్రవేత్తలు దీని సంగతి బయటపెట్టారు. దీంట్లో అనునాదం సూదిమొనలా సన్నగా ఉంటుంది, ఒక గాస్ వెడల్పు కూడా ఉండదు. అందుకే దీన్ని ఆవగింజకన్నా చిన్న గోళీలుగా నునుపు చేసి సిగ్నల్ జనరేటర్లలో, స్పెక్ట్రమ్ ఎనలైజర్లలో వాడతారు. నువ్వు ఉన్న ఊళ్ళోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగంలో ఫెర్రైట్ల మీద పరిశోధనలు జరిగాయి. మీ గైడ్ సార్ చేత ఒక ఉత్తరం రాయించుకుని వెళ్ళి, పొడి కలపడం దగ్గర నుంచి కాల్చడం దాకా అడిగి తెలుసుకో. పుస్తకంలో పది పేజీలు చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు నీ ప్రాజెక్టును ముంచగలిగింది చెబుతాను. అది వేడి. నియోడిమియం అయస్కాంతం బలం ఒక డిగ్రీకి సుమారు 0.11 శాతం తగ్గుతుంది. చిన్న అంకెలా ఉంది కదా? 2000 గాస్‌లో అది 2.2 గాస్, అంటే 6 మెగాహెర్ట్జ్ పైనే. పైన ఒక జి త్వరణానికి వచ్చింది ఎంత? 7 మెగాహెర్ట్జ్. గదిలో ఒక్క డిగ్రీ వేడెక్కితే నీ సెన్సారు తనను ఎవరో దాదాపు ఒక జితో తోశారని చెబుతుంది! మన అనంతపురంలో పొద్దున్నకీ మధ్యాహ్నానికీ పదిహేను డిగ్రీలు తేడా ఉండే రోజులున్నాయి. సమారియం కోబాల్ట్ అయస్కాంతం వాడితే ఈ తగ్గుదల మూడో వంతుకు వస్తుంది, ధర మాత్రం ఎక్కువ. దానికంటే మంచి మందు జంట. అయస్కాంతానికి అటొక ఫెర్రైట్, ఇటొక ఫెర్రైట్ పెట్టు. కుదుపుకు అయస్కాంతం ఒకదానికి దగ్గరైతే ఇంకోదానికి దూరమవుతుంది, ఒక ఫ్రీక్వెన్సీ పెరిగితే ఇంకోటి తగ్గుతుంది. వేడి మాత్రం రెండిటినీ ఒకేవైపు లాగుతుంది. రెండిటి తేడా తీసుకుంటే వేడి వల్ల వచ్చింది కొట్టుకుపోతుంది, త్వరణం రెట్టింపు అవుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం మన దగ్గర సుమారు 0.4 గాస్, అదొక్కటే ఒక మెగాహెర్ట్జ్ దాకా తేడా తెస్తుంది. ఈ తేడా తీయడంలో అది కూడా పోతుంది. పూర్తిగా పోనిది ఒకటుంది: ఒక జికి ఎన్ని మెగాహెర్ట్జ్ అన్న నిష్పత్తి వేడికి కొద్దిగా మారుతూనే ఉంటుంది, అది పట్టిక వేసి సరిచేసుకోవాల్సిందే.

అయస్కాంతాన్ని కదపకుండా చేసే పద్ధతి ఇంకోటుంది. అయస్కాంత పదార్థాన్నే పల్చని పొరగా పట్టీ మీద వేస్తారు. పట్టీ వంగితే పొర సాగుతుంది, సాగినప్పుడు బొంగరాలు ఏ దిక్కుకు మొగ్గాలన్న ఇష్టం మారుతుంది, దాంతో అనునాదం జరుగుతుంది. ఇనుములో గాలియం కలిపిన మిశ్రమాలు దీనికి బాగా స్పందిస్తాయి, కానీ వాటి అనునాదం యిగ్ అంత సన్నగా ఉండదు. నీకిది ఇప్పుడొద్దు, ఆ పొర వేసే యంత్రాలు మన కాలేజీల్లో దొరకవు.

ఇక ఫోన్ చిప్పు. చవక, చిన్నది, దానితో పోటీ పడాలనుకోకు. ఈ అయస్కాంత పద్ధతి ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంది, ఆ మాట నీ రిపోర్టులో దాచకుండా రాయి. మరి ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, అనునాదకాన్ని, అంటే అనునాదం చూపే ఆ ఫెర్రైట్ భాగాన్ని, దూరం నుంచి రేడియో తరంగంతో పలకరించి జవాబు వినొచ్చు, దాని దగ్గర బ్యాటరీ గానీ వైరు గానీ ఉండనక్కర్లేదు. గిర్రున తిరిగే షాఫ్టు మీద అది పెద్ద వరం. రెండోది కొలతలో కచ్చితత్వం. జిలో వెయ్యో వంతు తప్పు అంటే మనకు ఏమీ అనిపించదు, కానీ ఎగిరే వస్తువు తన చోటును ఆ సెన్సారుతోనే లెక్క కట్టుకుంటుంటే, ఒక నిమిషం గడిచేసరికి 17 మీటర్ల పైనే తప్పుతుంది, పది నిమిషాలు గడిచేసరికి కిలోమీటరున్నర దాటిపోతుంది. తప్పు కాలంతోపాటు కాదు, కాలం వర్గంతో పెరుగుతుంది. ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం మన కర్నూలు జిల్లాలోనే ఉంది కాబట్టి చెబుతున్నా, అలాంటి చోట్ల ఎగిరేవాటికి ఈ లెక్క ప్రాణం.

మొదలుపెట్టడానికి యిగ్ గోళీ కోసం వెతుక్కోకు. మీ మైక్రోవేవ్ ల్యాబులో మైక్రోవేవ్‌ను ఒకే దిక్కుకు పోనిచ్చే సర్క్యులేటర్ గానీ ఐసోలేటర్ గానీ పాడైపోయి పక్కన పడేసి ఉంటుంది, దాంట్లో మంచి ఫెర్రైట్ బిళ్ళ ఉంటుంది. అడిగి తీసుకో. సరిచూసుకోవడానికి ఖరీదైన యంత్రమేమీ వద్దు, భూమి ఉంది. పరికరాన్ని నిటారుగా పెడితే ఒక జి, తలకిందులు చేస్తే మైనస్ ఒక జి, పక్కకు తిప్పి పెడితే సున్నా. మూడు అంకెలూ ఉచితం.

ప్రశ్న: అయ్యా, కర్నూలు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతూ ఇంట్లోనే మైక్రోవేవ్‌తో ఏదో ప్రాజెక్టు చేస్తున్నాడు. అయస్కాంతాలు, చిన్న బోర్డులు మంచం మీద పరిచి పెట్టుకుంటాడు. మైక్రోవేవ్ అంటే అన్నం వేడిచేసే పెట్టెలో ఉండేదే కదా, ఆ రేడియేషన్ పిల్లవాడికి ఏమైనా చేస్తుందా? నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ భయం అర్థమైంది. అన్నం వేడిచేసే ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర 700, 800 వాట్లు పోస్తుంది. మీ వాడు వాడే చిన్న కొలత పరికరం బయటికి పంపేది వాటులో వెయ్యో వంతు కూడా ఉండదు. అతని జేబులోని సెల్ ఫోను దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పంపుతుంది. దాని గురించి నిశ్చింతగా నిద్రపోండి.

నేను భయపడేది వేరే దానికి, అది మీరు గట్టిగా అడగాలి. ఈ పిల్లలు అయస్కాంతం కోసం, విడి భాగాల కోసం పాత ఓవెన్ తెచ్చి విప్పుతుంటారు. అందులో మైక్రోవేవ్ పుట్టించే మాగ్నెట్రాన్‌కు రెండు గుండ్రటి ఫెర్రైట్ అయస్కాంతాలుంటాయి, వాటి మీద ఆశ. ఓవెన్ లోపల కెపాసిటర్ రెండు వేల వోల్టుల దాకా పట్టి ఉంచుకుంటుంది, ప్లగ్ తీసేసినా. అది మనిషిని చంపగలదు. పైగా కొన్ని మాగ్నెట్రాన్ల పింగాణీ ముక్కలో బెరీలియం ఆక్సైడ్ ఉండొచ్చు, పగిలి ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే విషం. ఇంట్లో పాత ఓవెన్ ఉంటే విప్పొద్దని చెప్పండి, మళ్ళీ చెప్పండి. ఆ అయస్కాంతాలు బజార్లో విడిగా దొరుకుతాయి. నియోడిమియం రకమైతే రెండిటి మధ్య వేలు పడితే నలిగిపోతుంది, ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే వాళ్ళ దగ్గరికి అసలు రానివ్వకూడదు.

ప్రశ్న: పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి రోజూ స్టాఫ్‌ను తీసుకెళ్ళే బండి నాది. ఎయిర్ బ్యాగ్ తెరుచుకోవడానికి గుద్దుకున్నట్టు కారుకు ఎలా తెలుస్తుంది? అందులో అయస్కాంతమా?

జవాబు: ఇప్పటి కార్లలో సిలికాన్ చిప్పులే, నేను పైన చెప్పిన దువ్వెన పళ్ళ రకం. గట్టిగా బ్రేకు వేస్తే ఒక జి లోపే ఉంటుంది, గుద్దుకుంటే కొన్ని పదుల జిలు, అదీ కన్నుమూసి తెరిచేలోపు. ఆ తేడా చూసే చిప్పు తేల్చుకుంటుంది. గుంతలో పడ్డ కుదుపుకూ గుద్దుకున్న కుదుపుకూ తేడా తెలియడానికి ఒక్క అంకె చాలదు, ఆ కుదుపు ఎంతసేపు ఉందన్నది కూడా చూస్తుంది. తమ్ముడూ, ఎయిర్ బ్యాగ్ ఉందని సీటు బెల్టు మానొద్దు, ఆ సంచి బెల్టు పెట్టుకున్న మనిషి కోసం చేసింది.

ప్రశ్న: కడపలో మాది మోటార్లు రీవైండింగ్ చేసే షాపు. బోరు మోటారు బేరింగు పోయేముందే అదురు చూసి కనిపెట్టొచ్చని విన్నాను. అయస్కాంతంతో పనిచేసే సెన్సారు దీనికి పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది గానీ మీకు దాని అవసరం లేదు. ముందు ఎందుకు పనికొస్తుందో చెబుతాను. రెండు పోళ్ళ మోటారు నిమిషానికి 2900 చుట్ల దగ్గర తిరుగుతుంది, అంటే సెకనుకు 48. రోటరు బ్యాలెన్స్ తప్పితే అదురు అక్కడ కనిపిస్తుంది. బేరింగు గోళీలు అరిగితే వచ్చే అదురు దానికి ఎన్నో రెట్లు పైన ఉంటుంది. సెన్సారులోని పట్టీ తన సొంత ఊపుకంటే వేగమైన అదురును సరిగా చెప్పలేదు, కాబట్టి పట్టీ గట్టిగా ఉండాలి. సెకనుకు 500 సార్లు ఊగే గట్టి పట్టీ ఒక జికి ఒక్క మైక్రాను మాత్రమే జరుగుతుంది. మిల్లీమీటరుకు 100 గాస్ లెక్కన అది 0.1 గాస్, 280 కిలోహెర్ట్జ్. ఒక్క మైక్రాను కదలికకు రెండు లక్షల ఎనభై వేల హెర్ట్జ్! అంత వచ్చినా బేరింగు అదురు పైపైన ఉంటుంది కాబట్టి ఇంకా గట్టి పట్టీ కావాలి.

కానీ మీ షాపుకు వచ్చే పైన పెట్టే మోటార్లకు బజార్లో దొరికే పీజో రకం, అంటే అదిమితే వోల్టేజీ ఇచ్చే స్ఫటికం ఉన్న, వైబ్రేషన్ మీటరు చాలు. బోరులో వందల అడుగుల కింద ఉన్న సబ్‌మెర్సిబుల్‌కైతే అదురు పైపు మీదుగా పైకి వచ్చేసరికి కలగాపులగమైపోతుంది. అక్కడ క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి రాసిపెట్టుకోవడం, నీళ్ళలో ఇసుక వస్తోందేమో చూడడం, ఈ రెండే ఎక్కువ చెబుతాయి.

మళ్ళీ అనంతపురం నుంచి: సార్, మీరు చెప్పినట్టు పాత సర్క్యులేటర్ లోంచి ఫెర్రైట్ బిళ్ళ తీసి, బోర్డు మీద రింగు రెజొనేటర్, అంటే గుండ్రటి గీతలా ఉండే అనునాదకం, గీసి దాని మీద పెట్టాను. నానో వీఎన్ఏ అనే చిన్న మైక్రోవేవ్ కొలత పరికరంతో చూస్తున్నాను. అయస్కాంతాన్ని హాక్సా బ్లేడు కొసకు అతికించి, బెంచి వైసులో బిగించాను. పక్కకు తిప్పినప్పుడు సున్నా పెట్టుకున్నాను. నిటారుగా పెడితే 23 మెగాహెర్ట్జ్ జరుగుతోంది, తలకిందులు చేస్తే రెండోవైపుకు 14 మాత్రమే. రెండూ సమానంగా రావాలి కదా? పైగా పొద్దున పెట్టిన సున్నా మధ్యాహ్నానికి ఉండడం లేదు. రివ్యూకు పదిహేను రోజులే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, టెన్షన్ పడకు, నీ పరికరం పనిచేస్తోంది. పనిచేయని పరికరం 23, 14 అని చెప్పదు, నోరు మూసుకుని కూర్చుంటుంది.

మొదట ఆ హాక్సా బ్లేడు తీసెయ్. అది ఉక్కు. అయస్కాంతం నుంచి వచ్చే క్షేత్రంలో చాలా భాగం అది తనలోకి లాగేసుకుంటోంది, పైగా పక్కనే ఇనప వైసు, అయస్కాంతాన్ని అది కూడా లాగుతోంది. నువ్వు కొలుస్తున్నది భూమి లాగుడొక్కటే కాదు, వైసు లాగుడు కూడా. ఇత్తడి పట్టీ గానీ, పాత రిలేల్లో ఉండే ఫాస్ఫర్ బ్రాంజ్ పట్టీ గానీ పెట్టు. బిగించడానికి అల్యూమినియం ముక్కలు, ఇత్తడి స్క్రూలు. చుట్టుపక్కల ఒక జానెడు దూరంలో ఇనుము ఉండకూడదు. స్క్రూడ్రైవర్ కూడా బెంచి మీద నుంచి తీసి పెట్టు.

అయినా 23, 14 పూర్తిగా సమానం కావు, అందులో నీ తప్పు లేదు. నీ పట్టీ సెకనుకు పది సార్లు ఊగే రకమైతే ఒక జికి రెండున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది, అంత దూరంలో క్షేత్రం తిన్నగా మారదు. అయస్కాంతం దగ్గరికి వస్తుంటే క్షేత్రం దబదబా పెరుగుతుంది, దూరం పోతుంటే నిదానంగా తగ్గుతుంది. దగ్గరైనప్పుడు 23, దూరమైనప్పుడు 14 రావడం అందుకే.

ఇప్పుడు నేను ముందు ఉత్తరంలో రాసిన జంట పెట్టి చూడు. అచ్చం అలాంటిదే రెండో రింగు, రెండో బిళ్ళ, అయస్కాంతానికి అటువైపు అంతే దూరంలో. నిటారుగా పెడితే మొదటి రింగు ఇటు 23 జరుగుతుంది, రెండోది అటు 14, తేడా 37. తలకిందులు చేస్తే మొదటిది అటు 14, రెండోది ఇటు 23, తేడా మళ్ళీ 37, గుర్తు మాత్రం మారి. 23, 14 అన్న ఆ వంకర కొట్టుకుపోయింది, నువ్వు ఏమీ దిద్దకుండానే. మధ్యాహ్నానికి సున్నా పారిపోయే గొడవ కూడా చాలావరకు దీంతోనే తగ్గుతుంది, అయస్కాంతం చల్లబడినా వేడెక్కినా రెండు రింగులూ ఒకేవైపు పోతాయి కాబట్టి. బోర్డు పదార్థం కూడా వేడికి మారుతుంది, అందుకే రెండు రింగులనూ ఒకే షీటులోంచి కోసిన ముక్కల మీద గీయి.

ఒక గాస్‌కు 2.8 మెగాహెర్ట్జ్ రావడం లేదేమని కంగారు పడకు. నీ రింగులోని మైక్రోవేవ్ క్షేత్రంలో కొంత భాగమే ఫెర్రైట్ లోంచి పోతోంది, మిగతాది బోర్డులో ఉంది. ఆ పెద్ద లెక్క బొంగరాలది, రింగులో కనిపించేది అందులో ఒక వాటా.

పట్టీ ఊగడం ఆగక అంకె నిలవకపోతే, కదిలే అయస్కాంతం పక్కన, తగలకుండా, ఒక రాగి ముక్క పెట్టు. అయస్కాంతం కదిలితే రాగిలో పుట్టే కరెంటు దాన్నే ఆపుతుంది. ఫ్యాను ఆపి చూడు. ప్రతి అంకె పక్కనా గది ఉష్ణోగ్రత ఒక గడిలో రాయి, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి. వారం రోజులు అలా రాస్తే నీ రిపోర్టులో అన్నిటికంటే విలువైన పేజీ అదే అవుతుంది. రివ్యూ రోజు స్లైడ్ల కంటే ముందు పెట్టెను వాళ్ళ ముందే తలకిందులు చేసి ఆ తేడా గుర్తు మారడం చూపించు. అంకె 37 వచ్చినా 33 వచ్చినా వచ్చిందే చెప్పు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఫోన్ చిప్పు గురించే, దానికి జవాబు నీకు ఇప్పటికే తెలుసు.